ఆశ లేదన్న మనిషి

అప్పలస్వామికి కోపం వచ్చిన సంగతి ఎవరికీ తెలియడం లేదు. కోపం రావడం కన్నా అదే పెద్ద కష్టం.

మామూలు మనిషికి కోపం వస్తే కళ్ళు ఎర్రబడతాయి, గొంతు లేస్తుంది, చేతికందింది విసిరేస్తాడు. ఎదుటివాడు ఓ అడుగు వెనక్కి వేస్తాడు. అప్పలస్వామికి ఆ భాగ్యం పోయింది. పార్కిన్సన్ జబ్బు ముందు కుడిచేతిలో వణుకై దిగింది, తర్వాత నడకలో దూరింది, చివరికి మొహంలోకి వచ్చి పీట వేసుకుని కూర్చుంది. లోపల కుతకుత ఉడుకుతున్నా పైకి మాత్రం సున్నం కొట్టిన గోడలా ఒకటే మొహం. గొంతు నూతిలోంచి వచ్చినట్టు వస్తుంది. ఆ మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరికీ లేదు. కట్టుకున్న అసిరమ్మకు లేదు, కన్నకూతురు ప్రసూనకూ లేదు. అతను మొదలుపెట్టిన మాటను వాళ్ళే ముగించేసి, అతను చెప్పాలనుకున్నది అదేనన్నట్టు తలూపుతారు.

ఆ ఆదివారం జరిగింది కూడా అదే.

వ్యాపార్ విహార్ దాటాక లారీలు ఆగే రోడ్డు మీద ఒక ట్రస్టు ఆసుపత్రి ఉంది. పెద్ద కాలేజీ నుంచి దిలీప్ అనే కుర్ర డాక్టరు అక్కడికి వస్తున్నాడనీ, పార్కిన్సన్ ఉన్నవాళ్ళలో డిప్రెషన్ ఎంతమందికి ఉందో పరిశోధన చేస్తున్నాడనీ, అవసరమైనవాళ్ళకు మందులు కూడా ఇస్తాడనీ ప్రసూన విని వచ్చింది. ఆమె హిందీ బళ్ళో టీచరు. పుట్టి పెరిగింది బిలాస్‌పూర్‌లోనే. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గాని, రాజాం నుంచి ఉత్తరం వస్తే అక్షరాలు కూడబలుక్కుంటుంది.

“చలో నాన్నా. ఏవో నాలుగు కొశ్చన్లు అడుగుతారంతే,” అని రిక్షా ఎక్కించింది.

డాక్టరు మంచివాడిలాగే ఉన్నాడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు. “కాకాజీ, ఈ మధ్య మన్ ఉదాస్ రహతా హై?” అని, అంటే మనసు దిగులుగా ఉంటోందా అని, హిందీలో నేరుగా అప్పలస్వామినే అడిగాడు.

రైల్వే యార్డులో ఫిట్టరుగా ముప్ఫయ్యేళ్ళ నుంచి హిందీలోనే బోల్టులు బిగించినవాడు అప్పలస్వామి. జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. “నహీ సాబ్...” అన్నాడు. ఆ తర్వాతి మాట గొంతులోంచి బయలుదేరి పెదాల దాకా వచ్చే లోపల డాక్టరు చూపు ప్రసూన వైపు తిరిగిపోయింది. ఒకసారి తిరిగిన చూపు మళ్ళీ ఇటు రాలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఆ గదిలో సామెత తిరగబడింది.

“అన్నం సరిగ్గా తింటున్నారా?”

“సగమే తింటున్నారు డాక్టర్‌సాబ్.”

తింటే చెయ్యి వణికి మెతుకులు చొక్కా మీద పడతాయి. నలుగురి ముందు చొక్కా దులుపుకోవడం ఇష్టం లేక సగం తింటున్నాడు. అది ఎవరడిగారు?

“రాత్రి నిద్ర?”

“లేదు. అటూ ఇటూ కదుల్తూనే ఉంటారు.”

కదలగలిగితే బాగానే ఉండును. ఒళ్ళు బిగుసుకుపోయి పక్కకు తిరగలేక, వెల్లకిలా పడ్డ తాబేలులా పడి ఉంటాడు. డాక్టరు రాసుకున్నాడు. నడక మందగించిందని రాసుకున్నాడు, మాట తగ్గిందని రాసుకున్నాడు, మొహంలో కళ లేదని అడక్కుండానే రాసుకున్నాడు. సిగ్నల్ ఇవ్వకుండా నిలబెట్టి, బండి లేటయిందని డ్రైవరును తిట్టినట్టుంది ఈ వరస అనుకున్నాడు అప్పలస్వామి. అవన్నీ వణుకు జబ్బు చేసే పనులు. దిగులు ఖాతాలో ఎందుకు రాస్తున్నాడు?

“ముందులా నవ్వుతున్నారా?”

ఈసారి అప్పలస్వామి పట్టుబట్టి తనే అన్నాడు. “సాబ్, మీరో జోకు చెప్పండి, చూద్దాం.” హాస్యానికే అన్నాడు. మొహం కదల్లేదు, గొంతు పలచగా వచ్చింది.

“ఇదుగో, ఇలాగే గుస్సా వచ్చేస్తుంది,” అంది ప్రసూన నొచ్చుకుంటూ. డాక్టరు ఆ కోపం కూడా రాసుకున్నాడు.

తర్వాత ప్రశ్నలు పుస్తకాల హిందీలోకి వెళ్ళిపోయాయి. ‘అపరాధబోధ్’ ఉందా అన్నాడు. ఏ యార్డులోనూ ఎవడూ అనని మాట అది. ప్రసూన కాస్త తడుముకుని, “ఏదైనా నేరం చేశావా నాన్నా?” అని అడిగింది.

“నేనేటి నేరం చేసినానమ్మా?” అన్నాడు అప్పలస్వామి బిత్తరపోయి.

“భవిష్యత్తు గురించి ఏమైనా ఆశా హై?” అన్నాడు డాక్టరు.

“నాన్నా, ముందు ముందు నీకేమైనా ఆశ ఉందా?”

ఈ ప్రశ్న అప్పలస్వామికి బాగా అర్థమైంది. ఆ పూట గౌరవంగా జవాబు చెప్పగలిగిన ప్రశ్న అదొక్కటే. నడుము నిటారుగా చేసుకున్నాడు. ప్రమోషన్ కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు. క్వార్టరు మార్చమని అర్జీ పెట్టలేదు. స్టోర్సులోంచి ఒక్క నట్టు ఇంటికి తేలేదు.

“నాకే ఆశా లేదమ్మా,” అన్నాడు. “ఏనాడూ లేదు.”

ప్రసూన కళ్ళు తుడుచుకుంది. ఎందుకో అతనికి బోధపడలేదు. “ఏ ఆశా లేదంటున్నారు డాక్టర్‌సాబ్. ఎప్పుడూ లేదట.” డాక్టరు కలం ఆగింది. జాలిగా చూశాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి ఇంకేదో అడిగాడు. అందులో ‘ఆత్మహత్య’ అన్న మాట తెలుగులోనూ హిందీలోనూ ఒకటే గనక అప్పలస్వామికి స్పష్టంగా వినిపించింది.

“నహీ నహీ!” అంది ప్రసూన. తండ్రి వైపు తిరగనైనా తిరగలేదు.

అక్కడ భగ్గుమంది అతనికి. చస్తావా అని అడిగే ప్రశ్న కూడా తనదాకా రాకుండానే తేలిపోయింది. చావు కూడా వీళ్ళ చేతిలోదేనా? అడిగితే లేదనే చెప్పేవాడు. కాని అడగాలి కదా. ఇక్కడున్నది తను కదా. చెయ్యెత్తి బల్ల మీద గట్టిగా కొడదామనుకున్నాడు. చెయ్యి బల్ల మీద వాలి, అక్కడే గిలగిలా కొట్టుకుంది. డాక్టరు దాన్ని చూసి వణుకు ఎంతుందో రాసుకున్నాడు.

మర్నాడు ప్రసూన తండ్రికి చెప్పకుండా ఇంకో మేలు చేసింది. డాక్టరిచ్చిన చీటీ పట్టుకుని యార్డుకు వెళ్ళి త్రినాథరావుకు ఇచ్చింది. డిప్రెషన్ ఉంది, పరిశోధనలో చేర్చుకున్నాం, విశ్రాంతి మంచిది అని దానిలో ఇంగ్లీషులో ఉంది. నాన్నకు కొన్నాళ్ళు తేలిక పని ఇస్తారని ఆ పిల్ల ఆశపడింది.

త్రినాథరావు హెడ్ ట్రైన్ ఎగ్జామినరు. ఒకప్పుడు అప్పలస్వామి వెనకాల దీపం పట్టుకుని నడిచి పని నేర్చుకున్నవాడే. పరీక్షలు రాసి పైకి వెళ్ళాడు. ఇప్పటికీ స్వామన్నా అనే పిలుస్తాడు.

మంగళవారం పొద్దున్న అప్పలస్వామి మాత్ర వేసుకుని డ్యూటీకి వచ్చాడు. మాత్ర పనిచేసే పూట అతనికి పెద్ద ఇబ్బంది లేదు. అసలు చిత్రమేమిటంటే, ఇంటి గచ్చు మీద కాళ్ళు నేలకు అతుక్కుపోయి ముందుకు సాగని మనిషి, పట్టాల మధ్య అడ్డంగా పరిచిన స్లీపర్ల మీద చక్కగా నడుస్తాడు. ఒక్కొక్క స్లీపరూ అడుగు ఇక్కడ వెయ్యి అని చెబుతున్నట్టుంటుంది. ఖాళీగా ఒళ్ళో పెట్టుకుంటే కొట్టుకునే చెయ్యి, యార్డులోకి వచ్చిన రేకు, అంటే వ్యాగన్ల వరస, పక్కన నడుస్తూ ఇరుసు పెట్టెలు వేడెక్కాయా లేదా అని వేళ్ళ వెనకవైపు ఆనించి చూసేటప్పుడు కుదురుగా ఉంటుంది. పనే అతని చేతిని పట్టుకుని ఆపుతోంది. ఈ సంగతి యార్డులో అందరికీ తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరూ నోరెత్తలేదు.

“స్వామన్నా, ఇలగ కూకో,” అన్నాడు త్రినాథరావు ఆఫీసు గదిలో ఓ స్టూలు చూపించి. “ఇయ్యాల్టి నుంచి నీకు లైన్ డ్యూటీ లేదు.”

“ఏల?”

“ప్రసూన కాగితం తెచ్చింది. ఒణుకంటే ఇన్నాళ్ళూ నేను పెద్దసారుకి సర్ది సెప్పుకొచ్చాను. ఇది మెంటలు కేసు. రేపు నువ్వు రేకు కింద దూరి ఏదైనా సేసుకుంటే ముందు నా మెడకే సుట్టుకుంటాది. నీ మంచికే అన్నా.”

“నాకేటీ... మెంటలు...” అని అప్పలస్వామి మొదలుపెట్టాడు.

“లేదని నాకూ తెలుసు. కాగితం అలగ ఉన్నాది మరి,” అని త్రినాథరావే ముగించి ఫోనెత్తుకున్నాడు.

చెడిపోయిన వ్యాగన్ మీద సుద్దముక్కతో సిక్ అని రాసి పక్క లైన్లోకి తోసేస్తారు. ఇంజనొచ్చి లాగేదాకా అది అక్కడే. వ్యాగన్లకు ఆ రాత రాసిన చెయ్యి అప్పలస్వామిది. ఇప్పుడు తనకు రాసేశారు. వ్యాగనుకైనా సుత్తితో కొట్టి, కిందకు దూరి చూసి రాస్తారు. మనిషికి ఆ మర్యాద కూడా లేదు.

స్టూలు మీద కూర్చున్నాడు. ఏ పనీ లేదు గనక చెయ్యి ఊగడం మొదలుపెట్టింది. వచ్చేపోయేవాళ్ళందరూ ఆ చేతినే చూశారు. ఎంత సేపు కూర్చుంటే అంత ఊగింది. అయ్యో, స్వామన్నకు బాగా ముదిరిపోయింది అనుకున్నారు. చాయ్ తెచ్చినవాడు గ్లాసు సగమే నింపి, పసివాడికి చెప్పినట్టు, “కాకా, దిమాగ్ కా ఇలాజ్ చల్ రహా హై క్యా?” అని, బుర్రకు వైద్యం చేయిస్తున్నారా అన్నట్టు అడిగాడు. పిచ్చికుక్క అని ముద్ర వేస్తే చాలు, రాళ్ళు విసిరేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. కిటికీ అవతల బొగ్గు రేకు వచ్చి ఆగింది. మిగతా ఫిట్టర్లు రెండు వైపులా నడుచుకుంటూ పోయారు. బ్రేకు కడ్డీల మీద సుత్తి దెబ్బలు వినిపిస్తుంటే అప్పలస్వామి లెక్క ప్రకారం ఒకటి బోలుగా మోగింది, అంటే అక్కడేదో సడలింది. ఎవరూ ఆగలేదు. లేచి చెబుదామనుకున్నాడు. లేచేసరికి వాళ్ళు దాటిపోయారు.

ఆ సాయంత్రం అసిరమ్మ ఎండు నెత్తళ్ళ చేపలు వేసి వంకాయ వండింది. క్వార్టరు బయటికే వాసన వస్తోంది. భర్తకు ప్రాణం ఆ కూరంటే. కంచం ముందు పెట్టి, “తిను మావా, మనసు కుదుటపడతాది,” అంది. బుధవారం పొద్దున్నకల్లా కాలనీలో ఎవరేమనుకుంటారోనని ఆమెకు అప్పుడే గుబులు పట్టుకుంది.

“ఎవురు... ఇమ్మన్నారు... కాగితం?” అన్నాడు అప్పలస్వామి కూతుర్ని చూసి.

“నీ కోసమే నాన్నా! రెస్ట్ ఇస్తారనుకున్నా, మెంటల్ అంటారని ముఝే క్యా పతా?” అంది ప్రసూన. “అయినా నేను అబద్ధం చెప్పలేదు. నువ్వే కదా అన్నావు డాక్టర్‌సాబ్ ముందు, నాకే ఆశా లేదని. ఏనాడూ లేదని. అది విని నాకు ఎంత ఏడుపొచ్చిందో నీకు తెలుసా?”

“ఆశ లేదంటే... ఏడవడమేల?”

“ఉమ్మీద్ నాన్నా! ఉమ్మీద్ లేకపోతే మనిషి ఎలా బతుకుతాడు?”

అప్పలస్వామి అలాగే చూశాడు. ఉమ్మీద్. ముందు మంచి జరుగుతుందన్న నమ్మకం. ఈ పిల్ల అడిగింది ఉమ్మీద్ గురించా? తను చెప్పింది దురాశ గురించి. ఒకరి సొమ్ముకు నోరు తెరవలేదని, ఒకరి ముందు చెయ్యి చాచలేదని ఛాతీ విరుచుకుని చెప్పిన మాట అది. ఆ మాటనే పట్టుకుని బతుకు మీద నమ్మకం చచ్చినవాడని రాసేశారు. తన గొప్పనే తన రోగంగా చూపించారు. దానికి కన్నబిడ్డ సాక్షి.

“అది కాదు...” అన్నాడు.

“సరే సరే, ఇప్పుడు తిను,” అంది అసిరమ్మ.

కంచం గోడకేసి విసిరి కొడదామనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని, ఈ రోజు చేసి తీరాలనుకున్నాడు. చెయ్యి మెల్లగా లేచి, కంచం అంచును పట్టుకుని, బలమంతా పెట్టి తోసింది. కంచం చప్పుడైనా లేకుండా అసిరమ్మ వైపు కాస్త జరిగింది.

“కూర కావాలా మావా?” అని ఆమె మురిసిపోయి ఇంకో గరిటె వేసింది.

అప్పలస్వామి ఆ కూర ముట్టలేదు. ముట్టాలని అనిపించలేదు కూడా. కోపం వల్లే అనుకున్నాడు. నిజానికి ఆ కూర వాసన అతనికి ఏమీ అనిపించక చాలా రోజులైంది. పేకాటకు పిలిచినవాళ్ళను వెళ్ళండనడం, తఖత్‌పూర్‌లో మేనల్లుడి పెళ్ళికి వెళ్ళకుండా వంక పెట్టడం, అవన్నీ ఈ వణుకు ఖాతాలోనే వేసుకుంటూ వచ్చాడు. డాక్టరు వణుకు ఖాతాలోది దిగులు ఖాతాలో వేశాడని మండిపడుతున్నవాడు, తను చేస్తున్నదీ అదేనని ఆలోచించలేదు. కోపంలో ఉన్నవాడు ఆలోచిస్తే ఇంక కోపమెందుకు?

గురువారం అసిరమ్మ రేషను దుకాణానికి, ప్రసూన బడికి వెళ్ళాక, మాత్ర వేసుకుని ఒక్కడూ బయలుదేరాడు. రిక్షావాడు రెండుసార్లు ఎక్కడికని అడిగి, మూడోసారి విన్నాడు.

ఆసుపత్రి దాకా బాగానే వెళ్ళాడు. డాక్టరు గది గుమ్మం దగ్గర కాళ్ళు మొరాయించాయి. నున్నటి గచ్చు. ఎక్కడా ఓ గీత లేదు. పాదాలు అక్కడే అతుక్కుపోయాయి, ఒళ్ళు మాత్రం ముందుకు తూలుతోంది. “నీ యమ్మ కడుపు కాల,” అని తన కాళ్ళనే తిట్టుకున్నాడు.

గచ్చు తుడుస్తున్న ఆయా తలెత్తింది. “ఏ ఊరన్నా మీది? మా వైపు తిట్టే ఇన్నాను.”

“రాజాం... దగ్గిర.”

“మాది బొబ్బిలి. నా పేరు కనకం.” ఆమె చెయ్యి పట్టి లాగలేదు, తొందరపెట్టలేదు. తడిగుడ్డ కట్టిన కర్రను గుమ్మానికి అడ్డంగా వదిలేసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని చూసింది. కర్ర కనబడగానే దాన్ని దాటడానికి కాలు లేచింది. రెండో కాలు దాని వెనకే వచ్చింది. అప్పలస్వామి లోపలికి వెళ్ళిపోయాడు.

డాక్టరు దిలీప్ అతని వెనకాల ఎవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూశాడు. ఎవరూ రాలేదు. ఇంక ఈ మనిషినే చూడక తప్పలేదు.

“ముఝే డిప్రెషన్ నహీ హై,” అన్నాడు అప్పలస్వామి. “కాట్ దీజియే.” రాసింది కొట్టెయ్యమన్నాడు.

ఆ తర్వాత ఆశ సంగతి చెప్పాడు. మా తెలుగులో ఆశ అంటే ఎక్కువగా కావాలనుకోవడం సాబ్, నాకది లేదన్నాను, ఉమ్మీద్ లేదనలేదు అని యార్డు హిందీలో, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ, ఒక్కో మాటే పేర్చాడు. ఈ కాగితంతో పని పోయిందన్నాడు. నా కూతురు నన్నడక్కుండా చెప్పిన జవాబులు మీరెలా రాసుకున్నారన్నాడు. గొంతు పలచగానే ఉంది గాని అడిగిన మాటలు పలచగా లేవు. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ బల్లకు దగ్గరగా లాక్కుని మొత్తం విన్నాడు.

“గల్తీ మేరీ హై కాకాజీ,” అని తప్పు ఒప్పుకున్నాడు చివరికి. కాగితం తీసి గబగబా రాశాడు. మొదటిసారి అడగడంలో పొరపాటు జరిగింది, ఇతనికి డిప్రెషన్ లేదు. సంతకం చేసి, చదివి వినిపించి, బల్ల మీద పెట్టాడు. “ఇచ్చేస్తాను. కాని ఇచ్చే ముందు నేను ఒక్కసారి సరిగ్గా అడగాలి. మీ భాషలో, ఇంటివాళ్ళు కానివాళ్ళ చేత అడిగించాలి.” గుమ్మం వైపు చూసి, ఇందాక అతనితో తెలుగులో మాట్లాడిన కనకాన్ని పిలిచాడు.

అప్పలస్వామి ఒప్పుకున్నాడు. దానిదేముంది? కాగితం ఎదురుగానే ఉంది. లేదు అని ఒక్క మాటంటే చాలు, రేపు లైన్లో ఉంటాడు. ఆ ఒక్క మాటా గట్టిగా అనడానికి గొంతు సవరించుకుని కూర్చున్నాడు.

“అడుగు, మన్ ఉదాస్ రహతా హై?” అన్నాడు డాక్టరు.

కనకం చేతులు కొంగుకు తుడుచుకుని కాసేపు ఆలోచించింది. “ఉదాసంటే మనోళ్ళు ఏటంటారు...” అని గొణుక్కుని, అతని ఎదురుగా నేల మీద చతికిలబడింది.

“ఏటన్నా,” అంది. “బెంగెట్టుకున్నావేటి?”

అప్పలస్వామి నోరు తెరిచాడు. లేదు అన్న మాట రాలేదు.

గొంతు పెగలకపోవడం అతనికి అలవాటే, కాని ఇది అది కాదు. ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. ఉదాస్ అన్నారు, డిప్రెషన్ అన్నారు, మెంటలన్నారు. అవన్నీ పక్కింటి తలుపు మీద కొట్టిన దెబ్బల్లా వినిపించాయి. వినిపిస్తే మాత్రం మనింట్లోంచి ఎవరు లేస్తారు? కనకం తన తలుపే కొట్టింది. కొట్టి ఊరుకుంది. అతని బదులు జవాబు చెప్పలేదు, డాక్టరు వైపు తిరగలేదు. తొందరేం లేదన్నట్టు కొంగుతో మెడ తుడుచుకుంది.

“ఉంది,” అన్నాడు అప్పలస్వామి.

అన్నాక తనే అదిరిపడ్డాడు.

“ఎవురి మీద?” అంది కనకం.

అలాగే అడుగుతారు మరి. ఊరికే బెంగేమిటి? పురుడుకెళ్ళిన తల్లి మీద పిల్లాడు బెంగ పెట్టుకుంటాడు. దూడ మీద ఆవు పెట్టుకుంటుంది. దూరంగా ఉన్న మనిషెవరో ఉండాలి దానికి. అప్పలస్వామి వెతుక్కున్నాడు. అమ్మ పోయి చాలా కాలమైంది, ఆమె మీద కాదు. రాజాం మీద కాదు, అక్కడెవరున్నారు గనక? అసిరమ్మ ఇంట్లోనే ఉంది. ప్రసూన కళ్ళెదుటే తిరుగుతోంది. యార్డు మీదా అంటే, అదీ కాదు. పని పోయింది మొన్న మంగళవారం. ఇది అంతకు చాలా ముందు నుంచే ఉంది. పేక ముక్కలు పంచుతూ అందర్నీ నవ్వించిన మనిషొకడు, నెత్తళ్ళ కూర గిన్నె ఊడ్చి తిన్న మనిషొకడు, నిచ్చెన లేకుండా వ్యాగన్ మీదికి ఎక్కిన మనిషొకడు ఉండేవాడు. వాడు చెప్పకుండా ఎటో వెళ్ళిపోయాడు. వాడి చొక్కా తను తొడుక్కుంటున్నాడు, వాడి కంచంలో తను తింటున్నాడు. వాడు మాత్రం రావడం లేదు.

“నా మీదే,” అన్నాడు.

అతని మొహం కదలకపోయినా నీళ్ళు కారడానికి ఏ కండరమూ అక్కర్లేదు. అవి వాటి దారిన గడ్డం దాకా వచ్చాయి.

“క్యా బోలే?” అన్నాడు డాక్టరు మెల్లగా.

“అప్‌నీ హీ యాద్ ఆతీ హై ఇన్‌కో, సాబ్,” అంది కనకం. తనకు తనే గుర్తొస్తున్నాడట అని చెప్పింది. సరిగ్గా చెప్పానో లేదోనని అప్పలస్వామి వైపు చూసింది. అతను తలూపాడు.

డాక్టరు మిగతావన్నీ అడిగించాడు. చచ్చిపోవాలనిపించిందా అని కూడా అడిగించాడు. కనకం ఆ మాట నోటెంట అనడానికి జంకితే, అప్పలస్వామే చెయ్యెత్తి, అడుగు అన్నట్టు సైగ చేశాడు. “రేకుల కింద పనిసేసినోడిని. సావాలనుకుంటే రోజూ దారి ఉంది. అనుకోలేదు. ఇది నా నోటితో నేను సెప్తున్నాను, రాసుకోమను.”

డాక్టరు రాసుకున్నాడు. తర్వాత బల్ల మీద సంతకం చేసి పెట్టిన కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. ఇది ఇంక ఇవ్వలేను కాకాజీ అన్నాడు. అది నిజం కాదు, ఉన్నదాన్ని లేదని రాయలేను. దీనికి మందుంది, ఇవాళే మొదలుపెడతాను అన్నాడు.

గెలిచిన కాగితం అలా చేజారిపోయేసరికి అప్పలస్వామికి మళ్ళీ మండింది. ఎద్దు పుండు కాకికి నొప్పా? వీడి పరిశోధనకు ఒక తల దొరికింది. మరి తన పని?

“మందిస్తారు. మంచిదే. రోజంతా స్టూలు మీద కూకోబెడతారు. దానికేం మందిస్తారు?” తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి దిగాడు. “బెంగున్నోడు పనిసేయకూడదని ఎక్కడ రాసుంది సాబ్? కూర్చుంటేనే నా చెయ్యి ఊగుతుంది. చూడండి, ఇదిగో. పనిచేస్తే ఆగుతుంది. విశ్రాంతి అని మీరు రాశారు, దాంతో వాళ్ళు నన్ను మూలకు తోశారు. ఉన్నది ఉందనే రాయండి. పని మానిపించొద్దని కూడా రాయండి. రెండూ రాయండి.”

ఇంత పొడుగు మాట అతను మాట్లాడి ఎన్నాళ్ళయిందో. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. రెండుసార్లూ డాక్టరు కలం పట్టుకుని ఆగాడు. రాయడం మొదలుపెట్టాక కూడా ఇంకేమైనా ఉందా అన్నట్టు తలెత్తి చూశాడు.

శుక్రవారం పొద్దున్న ప్రసూన తనూ వస్తానంది. త్రినాథ్ అంకుల్‌కు నేను సమ్‌ఝాయిస్తాను నాన్నా అంది. వద్దన్నాడు. రాత్రి ఆ కాగితం ఆమే చదివి వినిపించింది. ఇది పట్టుకెళ్తే మెంటలన్న మాట నువ్వే ఒప్పుకున్నట్టవుతుంది కదా అని అడిగింది. అతను కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

త్రినాథరావు నిలబడే చదివాడు. ఇతనికి డిప్రెషన్ ఉంది, మందు మొదలుపెట్టాం. పని ఆపకూడదు, ఆపితే కుంగిపోతాడు. చెయ్యగలిగిన లైన్ పని ఇవ్వాలి, నెల నెలా నేను చూస్తాను అని ఉంది. రెండోసారి చదివి, గడ్డం గోక్కున్నాడు. గదిలో ఉన్న ఇద్దరు ఫిట్టర్లు సుత్తులు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

“లేదని రాయించుకొస్తావనుకున్నాను స్వామన్నా. ఇక్కడా ఉందనే రాసినాడు. మొన్నటి కాగితానికీ దీనికీ తేడా ఏటి?”

“మొన్న... నన్ను...”

“ఊఁ, నిన్నడగలేదు, ప్రసూన సెప్పింది, అంతే కదా. నాకు తెలుసు గాని పెద్దసారు...”

“నా మాట అవ్వలేదు,” అన్నాడు అప్పలస్వామి.

గొంతు పెరగలేదు. మొహం ఎప్పటిలాగే ఉంది. కాని త్రినాథరావు నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయాడు. ఫిట్టర్లు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. బయట ఇంజను కూత కూసి ఊరుకుంది. అప్పలస్వామి తొందరపడలేదు. ఊపిరి తీసుకుని, మాటలు ఒక్కొక్కటే బయటికి తెచ్చాడు.

“బెంగ ఉంది నాకు. ఉందని సెప్పింది నేనే. నీకు కూడా నేనే సెప్తున్నాను. సూరీడొచ్చి అడిగినా ఇదే సెప్తాను.” మళ్ళీ ఊపిరి తీసుకున్నాడు. “ఇప్పుడు డ్యూటీ ఎక్కడో సెప్పు.”

త్రినాథరావు మాట్లాడబోయి, అయిందా లేదా అన్నట్టు అతని వైపు చూశాడు. అప్పలస్వామి తలూపాక కాగితాన్ని మడిచి, పెద్దసారుకు పంపే కాగితాల్లో పెట్టాడు.

“నాలుగో లైను,” అన్నాడు. “కోర్బా రేకు. ఆయన కాదంటే సాయంత్రం నిన్ను మళ్ళీ పిలవాలి మరి.”

“పిలు. అప్పుడూ వస్తాను,” అని అప్పలస్వామి మెట్లు దిగి లైను వైపు నడిచాడు.